మాట పూర్తయ్యేదాకా

జూన్ 7

ఫోన్లు తీసేసుకున్నారు. పొడుగు టీచరు గుడ్డసంచీ ఒకటి పట్టుకొని వరసగా అందరి ముందుకూ వచ్చింది. పన్నెండు మందిమి, పన్నెండు ఫోన్లు. ఇక ఆరు వారాలు స్పానిష్ తప్ప మరో భాష నోట రాకూడదట. ఆదివారం మాత్రం పావుగంట ఇంటికి మాట్లాడుకోవచ్చు. ఇదంతా ఆవిడ చేతులు తిప్పుతూ, బోర్డు మీద బొమ్మలు గీస్తూ స్పానిష్‌లోనే చెప్పింది. నాకు సగం అర్థమైంది. మిగతా సగం అక్క ముఖం చూసి ఊహించుకున్నాను.

డైరీ రాసుకోవచ్చా అని అక్కే అడిగింది. ఏ భాషలోనైనా రాసుకోవచ్చట, రాత ఎవరికీ వినపడదు కదా అందట. కాబట్టి ఈ ఆరు వారాలూ నాకున్న తెలుగంతా ఈ నోటుపుస్తకమే.

అక్క అంటే పెదనాన్న కూతురు. నాకన్నా ఏడాది పెద్ద. మా స్కూలు నుంచి స్పానిష్ నేర్పే ఈ విదేశీ వేసవి శిబిరానికి ఎంపికైంది అక్క. రెండో సీటు మిగిలిపోతే నాన్న నా పేరు ఇచ్చాడు. బయలుదేరేటప్పుడు అమ్మ ఒకటే మాట: "అక్క ఉందిగా, అన్నీ అదే మాట్లాడుతుంది. నువ్వేం కంగారుపడకు."

ఇవాళ ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పాలన్నారు. నా వంతు వచ్చింది. లేచాను. నోరు తెరిచాను. అక్క చెప్పేసింది.

మేమిద్దరం ఉండేది ఒక పశువుల డాక్టరుగారి ఇంట్లో. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. డాక్టరుగారు పొట్టిగా, గట్టిగా ఉంటుంది, ముంజేతుల నిండా పిల్లిగోళ్ళ గీతలు. వాళ్ళ నాన్నగారిని మేం తాతగారు అనుకుంటున్నాం. ఆయనకి ఒక చెవి వినపడదు. రెండో చెవి, ఆయనకి ఇష్టమైతే వినపడుతుంది. మేం పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే కింద నాలుగు కుక్కలు ఒకేసారి మొరిగాయి. అవి కూడా స్పానిష్‌లోనే మొరిగినట్టుంది నాకు.

జూన్ 8

ఇంటి గురించి తలుచుకోకూడదని గట్టిగా అనుకున్నాను. పొద్దున్నుంచీ పదకొండుసార్లు అనుకున్నాను.

జూన్ 10

ఇవాళ క్లాసులో ఒక సంగతి కనిపెట్టాను. ఇంకా ఒళ్ళంతా గంతులేస్తున్నట్టుంది.

"మా ఇంటికి మూడు కిటికీలున్నాయి" అని చెప్పమంది టీచరు. ఎదురుగా కూర్చునే ఉంగరాల జుట్టు కుర్రాడు లేచాడు. "మా... మా... ఇం... ఇంటికి..." అని పైకప్పు వంక చూశాడు. వేళ్ళు లెక్కపెట్టాడు. గుటక వేశాడు. "మూ... మూడు..." తర్వాత కళ్ళజోడు అమ్మాయి. ఆమెకి 'మా' దగ్గరే పావు నిమిషం పట్టింది. ఒక్కొక్కరే లేస్తున్నారు, ఒక్కొక్కరే తడబడుతున్నారు, చెమటలు కక్కుతున్నారు. టీచరు మాత్రం చేతులు కట్టుకొని, చిరునవ్వుతో, ఎంతసేపైనా ఆగుతోంది.

నేనలా చూస్తూ ఉండిపోయాను. ఇక్కడ అందరికీ నత్తే!

రాసేశాను ఆ మాట. నత్తి. ఇన్నేళ్ళ డైరీల్లో "ఆ సంగతి" అని రాస్తూ వచ్చాను తప్ప ఈ రెండక్షరాలూ ఎప్పుడూ రాయలేదు. నాకు క, ప, త మొదట్లో వస్తే గొంతులో ఎవరో గడియ వేసినట్టవుతుంది. ఎదుటివాళ్ళు జాలిపడి మాట అందిస్తారు. అమ్మ అందిస్తుంది, టీచర్లు అందిస్తారు, అందరికంటే ముందు అక్క అందిస్తుంది. అందించిన మాట నేననుకున్నది కాకపోయినా తలూపేస్తాను. ఒకసారి పకోడీలు కావాలని మొదలుపెడితే పప్పుచెక్కలు తినాల్సి వచ్చింది.

నా వంతు వచ్చింది. రెండుచోట్ల ఆగాను. ఎవ్వరికీ తేడా తెలియలేదు.

ఆపైన టీచరు బోర్డు మీద 'పెర్రో' అని రాసింది. కుక్క. మధ్యలో ర గట్టిగా దొర్లాలి, లేకపోతే అది కుక్క కాక 'కానీ' అయిపోతుందట. అందరూ 'కానీ, కానీ' అంటున్నారు. నాకు నానమ్మ చిన్నప్పుడు పలక మీద బండి ఱ దిద్దించింది. ప దగ్గర ఒక్క క్షణం ఆగి, ఱని రాళ్ళబాట మీద బండి తోలినట్టు దొర్లించాను. క్లాసంతా చప్పట్లు. చప్పట్లు, నాకు, మాట్లాడినందుకు!

ఇక్కడ నాకు నత్తి లేదు.

జూన్ 13

మధ్యాహ్నాలు ఎవరి ఇంట్లో వాళ్ళకి పని. మాకు కింద ఆసుపత్రిలోనే. అక్కని ముందుగదిలో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళ పేరు, జంతువు పేరు, ఏం బాధో రాసుకోవాలి, ఫోన్ ఎత్తాలి. నాకు వెనకగదిలో బోనులు కడిగే పని. నాకు బాగానే ఉంది. తాబేలు ఒకటి ఉంది, అది నాకన్నా నిదానం.

నాలుగింటికి ఒక పెద్దావిడ ముసలి కుక్కని ఎత్తుకొచ్చింది. అది నాలుక బయటపెట్టి నేల మీద చతికిలబడింది. పాపం అలిసిపోయింది అనబోయింది అక్క. అలిసిపోయింది అంటే కాన్సాదో. పెళ్ళయింది అంటే కాసాదో. ఒక్క 'న్' జారింది.

"మీ కుక్కకి పెళ్ళయిపోయింది" అంది అక్క, ఎంతో జాలిగా.

పెద్దావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఎప్పుడు? ఎవరితో? నన్ను పిలవకుండానే?"

గది గదంతా గొల్లుమంది. చిలక పంజరం పట్టుకొని కూర్చున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరుగారు లోపల్నుంచి తొంగిచూసి నవ్వింది. ఎవరి నవ్వులోనూ విషం లేదు. కానీ అక్క ముఖం జేవురించింది. అక్కని చూసి పదిమంది నవ్వడం నేను పుట్టిన తర్వాత చూడలేదు.

బోనుల గది గుమ్మంలోంచి నేనూ నవ్వాను. కొంచెమే.

జూన్ 14

అక్కకి తలనొప్పి.

జూన్ 16

అక్కకి మళ్ళీ తలనొప్పి. బల్ల దగ్గర కూర్చుంది కానీ రాసుకోవడమే, మాట లేదు. ఫోన్ మోగింది. అక్క దాని వంక పాము వంక చూసినట్టు చూసింది. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి నేను తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి ఎత్తాను.

"ఓలా!" అన్నాను, హలో అన్నట్టు. ఓ తో మొదలయ్యే మాటలకి నాకు అడ్డే లేదు. ఆ తర్వాత 'క్లీనికా' అనాలి. క దగ్గర గడియ పడింది. అవతల ఎవరో "ఓలా? ఓలా?" అంటున్నారు. లైను బాగా లేదు. గడియ ఊడింది. పిల్లికి కుట్లు ఎప్పుడు విప్పుతారో అడుగుతున్నారు. చెప్పాను. అవతలివాళ్ళకి అర్థమైంది!

ఫోన్ పెట్టేసి అక్క వంక చూశాను. అక్క రిజిస్టరు వంక చూస్తోంది.

జూన్ 20

ఇప్పుడు బల్ల దగ్గర నేను, బోనుల దగ్గర అక్క. డాక్టరుగారు మార్చమనలేదు. మాకు మేమే అలా మారిపోయాం.

నాకీ బల్ల ఎంత నచ్చిందో! ఒక్కొక్కరూ తలుపు తోసుకొని వస్తారు, అట్టపెట్టెల్లో, బుట్టల్లో, జేబుల్లో ప్రాణాలు పట్టుకొని. జంతువు పేరు ముందు అడుగుతాను, మనిషి పేరు తర్వాత. చిలకాయన వారానికి రెండుసార్లు వస్తాడు. చిలక మాట్లాడటం లేదని ఆయన బాధ, ఆయన మాట్లాడటం ఆపితే కదా అని డాక్టరుగారి బాధ. నేను ఆగి ఆగి అడుగుతాను. వాళ్ళు ఆగి ఆగి వింటారు. ఫోన్‌లో మాత్రం అప్పుడప్పుడూ లైను బాగుండదు.

పాపం అక్కకి సాయం చేస్తున్నాను. భోజనాల దగ్గర తాతగారు అక్కని ఏదో అడుగుతారు. అక్క "నేను..." అంటుంది. ఆలోచిస్తుంది. తప్పు రాకూడదని లోపల వాక్యమంతా కట్టుకొని, కూలగొట్టి, మళ్ళీ కట్టుకుంటుంది. నాకు తెలుసు కదా ఏం చెప్పాలనుకుంటోందో! నేనే చెప్పేస్తాను. అక్క తలూపుతుంది.

జూన్ 23

ఇవాళ భోజనం దగ్గర అక్క మూడు మాటలు మొదలుపెట్టింది. మూడూ నేనే పూర్తిచేశాను. నాకెంత బాగా వచ్చేస్తోందో!

జూన్ 25

తాతగారు నా పక్క కుర్చీ వదిలి, వినపడే చెవి అక్క వైపు పెట్టి కూర్చుంటున్నారు. ఎందుకో.

జూన్ 29

ఆదివారం. ఫోన్లు ఇచ్చారు. అమ్మతో నేను మాట్లాడాను, బాగానే ఉన్నాం అని. తెలుగులో ఎప్పట్లాగే ఆగాను. ఇక్కడ నాకు నత్తి లేదనుకున్నాను కదా, తెలుగుది ఇంటి దగ్గర ఉండిపోయిందనుకున్నాను. లేదు, వెంటే వచ్చింది.

అక్క పెరట్లోకి వెళ్ళి పెద్దమ్మతో మాట్లాడింది. నేను తువ్వాళ్ళు ఆరేస్తూ విన్నాను. వినాలని కాదు. "నాకు ఇక్కడొద్దమ్మా, వచ్చేస్తాను, నాకేం రావట్లేదు" అని వెక్కుతోంది. స్కూల్లో వక్తృత్వంలో ప్రతి ఏడూ కప్పు తెచ్చే మనిషి!

జూన్ 30

ఇది రాయాలనిపించడం లేదు. కానీ రాస్తాను.

పెద్దమ్మ పొడుగు టీచరుకి చెప్పినట్టుంది. టీచరు అక్కని తన గదికి పిలిచింది. తోడుగా నేనూ వెళ్ళాను. చిన్న గది, బల్ల మీద నీళ్ళ సీసా, మూడు కుర్చీలు. "వెళ్ళిపోవాలనుకుంటే పంపిస్తాం" అంది టీచరు నిదానంగా. "కానీ నీకేం కావాలో నువ్వు చెప్పాలి. వచ్చినంతలో చెప్పు చాలు."

అక్క దుపట్టా చివర వేలికి చుట్టుకుంది. "నాకు..." అంది. ఆగింది. "నాకు..."

"ఇల్లు గుర్తొస్తోందండీ" అన్నాను నేను.

అక్క తల అడ్డంగా ఊపింది. "కాదు. నాకు..."

"భోజనం పడటం లేదు, తలనొప్పి కూడా..."

"నోర్ముయ్యవే!"

తెలుగులో. ఆ గదిలో, ఆ నియమం ముందు, బాంబులా పడింది ఆ మాట. అక్క లేచి నిలబడింది.

"ఏం, నన్ను చెప్పనీయవా? తిండి దగ్గర చెప్పనీయవు, బల్ల దగ్గర చెప్పనీయవు. నేను మొదలుపెట్టేసరికే నీ నోట్లో ఉంటుంది నా మాట. నేనేమన్నా మూగదాన్నా? నేనెప్పుడైనా నీకిలా..."

అక్కడ ఆగిపోయింది. ఆ మాట నేను అందించలేదు. అందించాల్సిన అవసరం లేకపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

టీచరుకి తెలుగు ముక్క రాదు. అయినా గ్లాసులో నీళ్ళు పోసి ఇద్దరి మధ్యా పెట్టింది. "ఇంకో వారం ఆగి చెప్పు" అంది అక్కతో.

జూలై 1

ఏమీ లేదు.

జూలై 2

ఆ కుక్క పెళ్ళి రోజున నేను నవ్వింది కొంచెం కాదు. అందరికన్నా గట్టిగా నవ్వాను. అక్క అందరి నవ్వుల్లోంచీ నా నవ్వే విని ఉంటుంది.

ఫోన్ లైను కూడా బాగానే ఉంది. మొదటి రోజు నుంచీ బాగానే ఉంది. నేనే ఆగాను.

జూలై 3

మధ్యాహ్నం మేడ మీద తువ్వాళ్ళు ఆరేస్తుంటే అక్క వచ్చి రెండో కొస పట్టుకుంది. మూడు రోజుల తర్వాత మాట.

"నువ్వు ఆగిపోతుంటే నాకు చూడబుద్ధి కాదే. గబుక్కున చెప్పేస్తే నీ బాధ తీరిపోతుందనుకునేదాన్ని. ఒట్టు."

"నేనూ అందుకే..." అని మొదలుపెట్టాను. అబద్ధం గొంతు దాటలేదు. ఇది నత్తి కాదు. "కాదక్కా. నీ బాధ తీరాలని కాదు. నాకు బాగుండేది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకరికి నేను మాట అందించాను. ఎంత బాగుండేదో తెలుసా!"

కొడుతుందేమో అనుకున్నాను. అక్క తువ్వాలు చాటున ముఖం పెట్టుకుంది. ఏడుస్తోందనుకొని పక్కకి లాగి చూద్దును కదా, నవ్వుతోంది.

"బాగుంటుందే," అంది. "నాకు తెలీదా? పద్నాలుగేళ్ళు అనుభవించాను."

ఇద్దరం అక్కడే తడిబట్టల మధ్య కూలబడి కడుపు పట్టుకొని నవ్వాం. కింద కుక్కలు కంగారుపడి మొరిగాయి. అదంతా తెలుగులోనే జరిగింది. టీచరుకి చెప్పం.

ఒప్పందం: ఒకరి మాట ఒకరం ముట్టుకోం. ముట్టుకుంటే ఆ రోజు పిల్లులు దొడ్డికెళ్ళే మట్టి ట్రేలన్నీ వాళ్ళే కడగాలి. కావాలంటే అడగాలి, అడిగితేనే అందించాలి.

జూలై 4

ట్రేలు నేను కడిగాను.

జూలై 5

ట్రేలు నేనే.

ఆగడం ఇంత కష్టమని నాకు తెలియదు. మాట నాలుక చివర కూర్చొని దురద పుట్టిస్తుంది. టీచరు అలా చేతులెందుకు కట్టుకుంటుందో ఇప్పుడు తెలిసింది.

జూలై 6

ట్రేలు అక్క! తాతగారికి నేను నా స్కూలు గురించి చెబుతుంటే 'తరగతి' అనే మాట అందించేసి నాలుక కరుచుకుంది. తాతగారికి ఒప్పందం సంగతి ఎలా తెలిసిందో, చెయ్యెత్తి మట్టి ట్రేల గది వైపు చూపించారు. రెండో చెవి బాగా పనిచేస్తోంది ఈ మధ్య.

అక్క ఇవాళ భోజనాల దగ్గర ఆరు వాక్యాలు చెప్పింది. ఆరూ తప్పులే. డాక్టరుగారు ఆరింటికీ జవాబు చెప్పింది.

జూలై 8

వారం గడిచింది. అక్క టీచరు గదికి ఒక్కతే వెళ్ళింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. బయటికొచ్చి తనే చెప్పింది: "ఉంటానని చెప్పాను. నోట 'ఉన్నాను' అని వచ్చింది. టీచరు సర్దుకుంది."

జూలై 11

వరసగా రాస్తాను.

డాక్టరుగారు ఊరి చివర పొలానికి వెళ్ళింది, ఆవు ఈనలేకపోతోందని. తాతగారు పైన కునుకు తీస్తున్నారు. ముందుగదిలో మేమిద్దరమే. అయిదింటికి తలుపు దభాలున తెరుచుకుంది. లారీ డ్రైవరు. ఈ వీధిలోనే ఉంటాడు. తలుపు పట్టనంత మనిషి. చేతుల్లో గుప్పెడంత కుక్కపిల్ల, తల వేలాడేసి, నోట్లోంచి నురగ. రెండో చేతిలో మాత్రల అట్ట. ఆయన రక్తపోటు మాత్రలట, కుక్క నమిలేసింది. మాట్లాడుతున్నాడు కానీ వేగంగా, ఏడుపుతో కలిపి. మాకు మూడొంతులు అందలేదు.

నేను డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఎత్తింది. "ఏంటి?" అంది.

పెర్రో అనాలి. ప.

గడియ పడింది. అలాంటి గడియ నాకెప్పుడూ పడలేదు. పెదవులు రెండూ అతుక్కుపోయాయి. అవతల "ఓలా? ఏమైంది? మాట్లాడు" అంటోంది. డ్రైవరు నన్నే చూస్తున్నాడు. కుక్కపిల్ల కాలు ఒకటి టపటపా కొట్టుకుంది. అక్క నా పక్కనే, చెయ్యి పట్టేంత దగ్గర నిలబడి ఉంది. ఫోన్ లాక్కోలేదు. కళ్ళు మాత్రం నన్నే అడుగుతున్నాయి.

ఇది ట్రేలు కడిగే ఆట కాదు. నేనే ఫోన్ అక్క చేతికిచ్చి, రెండు చేతులూ జోడించాను.

అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వాక్యం కట్టుకుంటోందేమోనని నా ప్రాణం పోయింది. కట్టుకోలేదు. నోరు తెరిచి, డ్రైవరు మాటల్లో అందినవి అందినట్టు కుమ్మరించేసింది.

"కుక్క! చిన్న! తిను మాత్ర, మనిషి మాత్ర! అయిదు మాత్ర. లేదు, నాలుగు, ఒకటి నేల మీద. గంట లేదు, సగం గంట!"

వ్యాకరణం ఒక్కటీ సరిగా లేదు. విషయం ఒక్కటీ తప్పు లేదు. అట్ట మీది పేరు ఒక్కో అక్షరమే చదివి చెప్పింది. డాక్టరుగారు అడుగుతోంది, అక్క చెబుతోంది, నేను కుక్కపిల్లని తూకం మీద పెట్టి అంకె చూపిస్తున్నాను. డ్రైవరు మా పాలగిన్నె తీసి దాని నోట్లో పోయబోయాడు. "వద్దు!" అని అక్క అరిచిన అరుపుకి అంత మనిషీ గిన్నె కింద పెట్టేశాడు. కదపకుండా వెచ్చగా ఉంచమంది డాక్టరుగారు, వస్తున్నానంది. నేను తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. నా ముణుకుల మీద దాని గుండె తెలుస్తూనే ఉంది.

పది నిమిషాల్లో వచ్చేసింది, మోచేతుల దాకా పేడతో. దారిలోనే మందు లెక్క వేసుకొచ్చిందట. లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

ఏడింటికి తలుపు తీసింది. "బతుకుతుంది," అంది. అంతే. తర్వాత అక్క వైపు తిరిగి, "సగం గంట అని చెప్పావు చూడు, దాంతోనే బతికింది."

అక్క వెళ్ళి మట్టి ట్రేలన్నీ కడిగేసింది, ఎవరూ అడక్కుండానే, స్పానిష్‌లో ఏదో కూనిరాగం తీస్తూ.

జూలై 12

ఆవు కూడా ఈనిందట. కోడెదూడ.

జూలై 14

ఇవాళ కుక్కపిల్లని ఇంటికి పంపించాం. మూడు రోజుల్లో అది మా చెప్పులు రెండు, రిజిస్టరు అట్ట ఒకటి తినేసింది. మాత్రల తర్వాత దానికేదైనా అరిగేట్టుంది.

డ్రైవరు స్నానం చేసి, తల దువ్వుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. అక్క బోను తీసింది. అది ఎగిరి ఆయన మీద పడి గడ్డమంతా నాకింది. ఆయన దాన్ని చంకలో ఇరికించుకొని బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు, మాతో ఏదో చెప్పాలని.

నోరు తెరిచాడు. మాట రాలేదు. పుట్టినప్పటినుంచీ మాట్లాడే భాష, ఆయన సొంత భాష. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ నోరు తెరిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టోపీ చేతుల్లో నలిగిపోతోంది.

ఆయన ఏం చెప్పాలనుకుంటున్నాడో నాకు తెలుసు. అక్కకీ తెలుసు. ఆ మాట స్పానిష్‌లో ఎలా అనాలో కూడా ఇద్దరికీ తెలుసు. బోనుల గది గుమ్మంలో డాక్టరుగారు, మెట్ల మీద తాతగారు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. చిలకాయన కూడా మొదటిసారి నోరు మూసుకున్నాడు. వెనక ఇద్దరు పిల్లిబుట్టలతో ఎదురుచూస్తున్నారు. ఫోన్ మోగి మోగి ఆగింది.

అక్క చేతులు కట్టుకుంది. నేనూ కట్టుకున్నాను. మాకేం తొందర లేదు.